అక్కడ ఒడియా వాడు, ఇక్కడ తెలంగా: పదమూడేళ్ల బాబు గురించి

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో కాపురం, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు. బాబుకి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. ఆరు నెలలుగా అద్దం ముందు నుంచి కదలడం లేదు, బడి గేటు దగ్గర మీరు తెలుగులో పిలిస్తే విననట్టే వెళ్లిపోతున్నాడు. సరిహద్దు అవతల ఆంధ్రలో, పాతపట్నంలో మీ అన్నయ్య గారింట్లో పిల్లలు "ఒడియా వాడొచ్చాడు" అంటారని అక్కడికి రానంటున్నాడు, ఇక్కడ బడిలోనేమో తెలుగువాడని "తెలంగా" అంటారట. మొన్న రాత్రి అన్నం ముందు కూర్చుని "నేను దేనికీ పనికిరాను" అన్నాడు. ఆరేళ్ల పాప దీనికి పూర్తిగా వ్యతిరేకం, "క్లాసులో అందరికన్నా నేనే ఫస్టు, నాకన్నీ వచ్చు" అంటుంది, అది గర్వమేమోనని మీ భయం. బాబుని వచ్చే ఏడు విశాఖపట్నంలో హాస్టల్లో వేస్తే మన పిల్లాడిలా తయారవుతాడని మీ వారి ఆలోచన.

నేను గజపతి, రాయగడ జిల్లాల్లో 31 ఏళ్లు టీచరుగా చేశాను, చివరి పదేళ్లు పిల్లల కౌన్సెలింగ్ కూడా చూశాను. మీరు టెన్షన్‌లో ఉన్నారు కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. పాపది గర్వం కాదు. బాబుది జబ్బు కాదు, అలాగని పట్టించుకోకుండా వదిలేసేదీ కాదు. హాస్టల్ మాత్రం ఇప్పుడు వద్దు. ఎందుకంటున్నానో అర్థం కావాలంటే కాస్త వెనక్కి, చంటిబిడ్డ వయసు దాకా వెళ్లాలి.

పుట్టిన బిడ్డకి "నేను" అన్నది ఉండదు. మనం పాపాయి బుగ్గకి దిష్టిచుక్క పెట్టి అద్దంలో చూపించి మురిసిపోతాం కదా, 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే ఆవిడ దాదాపు అలాంటి పనే చేసి చూసింది. బిడ్డల ముక్కు మీద రంగు చుక్క పెట్టి అద్దం ముందు ఉంచింది. ఏడాది పిల్లలు అద్దంలో ఎవరో ఇంకో పాప ఉందనుకుని నవ్వుతారు, అద్దం తడుముతారు. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య చాలామందికి చెయ్యి అద్దం మీదికి పోదు, తిన్నగా తమ ముక్కు మీదికే పోతుంది. ఆ కనిపించేది తనేనని తెలిసిపోయిందన్నమాట. ఆ వయసులోనే "నాది", "నేనే తింటా", "నేనే వేసుకుంటా" మొదలవుతాయి. చొక్కా తిరగేసి వేసుకున్నా సరే, మనం సరిచేయబోతే కింద పడి దొర్లి ఏడుస్తారు. అది మొండితనం కాదు, కొత్తగా దొరికిన "నేను"ని వదులుకోలేకపోవడం.

ఇది గాజు అద్దం. దీనికంటే పెద్ద అద్దం ఇంకోటుంది, మనుషులు. చార్లెస్ కూలీ అనే సామాజిక శాస్త్రవేత్త 1902లోనే ఈ మాట రాశాడు: ఎదుటివాళ్లకు నేను ఎలా కనిపిస్తున్నాను, వాళ్లు నా గురించి ఏమనుకుంటున్నారు అని ఊహించుకుని, దాన్నిబట్టి మనిషి తన గురించి గర్వమో సిగ్గో తెచ్చుకుంటాడు అని. పుస్తకాల్లో ఆత్మభావన అంటారే, అంటే తన గురించి తనకుండే ఊహ, దాని పునాది ఇదే. మీ బాబు కథలో ఈ రెండో అద్దమే ముఖ్యం. అక్కడికి వస్తాను, ముందు పాప సంగతి.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్ని "నీ గురించి చెప్పు" అంటే కంటికి కనిపించేవి చెబుతారు. నాకు ఎర్ర గౌను ఉంది, నాకు కుక్క ఉంది, నేను రైలుకన్నా స్పీడుగా పరిగెడతా. ఆ చివరిది అబద్ధం కాదు. తనకు ఏం కావాలనుంది, తనకు ఏం చేతనవును అనే రెండింటికీ మధ్య గీత ఆ వయసులో ఇంకా గట్టిగా పడదు. పక్కపిల్లతో పోల్చుకుని తన స్థాయి లెక్క వేసుకోవడం కూడా ఇంకా సరిగా రాదు. ఏడెనిమిదేళ్లకి అది వస్తుంది, వచ్చాక "అన్నీ వచ్చు" కాస్తా "డ్రాయింగ్ వచ్చు, లెక్కలు అంతగా రావు" అవుతుంది. చాలామంది తల్లులు అప్పుడు కంగారు పడతారు, పిల్లకి కాన్ఫిడెన్స్ తగ్గిపోయిందని. నిజానికి పిల్ల తన్ను తాను సరిగ్గా చూసుకోవడం మొదలుపెట్టింది. కాబట్టి పాపని "అంత గొప్పలు పోకు" అని కసరకండి. మెచ్చుకునేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు ఐదో తరగతి పిల్లలకి కొన్ని పజిల్స్ ఇచ్చి, కొందరిని "నువ్వు తెలివైనదానివి" అనీ కొందరిని "బాగా కష్టపడ్డావు" అనీ మెచ్చుకున్నారు. తెలివైనవాళ్లు అనిపించుకున్న పిల్లల్లో ఎక్కువమంది తర్వాత తేలికైనవే ఎంచుకున్నారు, కష్టమైనవి ఇచ్చి ఓడించాక ఇంకా డీలా పడిపోయారు. ఆ పేరు ఎక్కడ పోతుందో అన్న భయం అంత పని చేస్తుంది. పాప ఏదైనా చూపిస్తే "భలే తెలివి" అనడం కన్నా "ఈ తోక వెయ్యడానికి ఎంతసేపు కూర్చున్నావే" అనండి.

ఆరు నుంచి పన్నెండేళ్ల వయసుని ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త శ్రమశీలతకీ న్యూనతకీ, అంటే పని నేర్చుకుని చేయగలననే నమ్మకానికీ నేను తక్కువ అనే భావానికీ మధ్య పోటీ అన్నాడు. బీఎడ్ చేసినవాళ్లందరికీ మనిషి ఎదుగుదలకి ఆయన చెప్పిన ఎనిమిది దశలూ నోటికి వచ్చే ఉంటాయి, 1950లో వచ్చిన పుస్తకంలోవి. నాకూ నోటికి వచ్చు, అయినా నాకు అర్థమైంది మాత్రం క్లాసులో చేసిన ఒక తప్పు వల్ల.

సర్వీసులో చేరిన కొత్తలో నేను మార్కుల్ని బట్టి పిల్లల్ని కూర్చోబెట్టేదాన్ని. బాగా వచ్చినవాళ్లు మొదటి బెంచీ, ఆ తర్వాతవాళ్లు రెండో బెంచీ, అలా వెనక్కి. పోటీ పెరిగి చదువుతారనుకున్నాను. ఒకరోజు ఆరో తరగతి వాళ్లకి కాగితాలిచ్చి "నేను" అని మొదలయ్యే పది వాక్యాలు రాయమన్నాను. అది నేను కనిపెట్టింది కాదు, 1954లో కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు ఇలాగే "నేనెవరు?" అనే ప్రశ్నకు ఇరవై జవాబులు రాయించేవారు. మా పిల్లలు ఒడియాలో కొందరు, తెలుగులో కొందరు, రెండూ కలిపి కొందరు రాశారు. నేను బాగా ఈత కొడతాను, నేను అమ్మకి సాయం చేస్తాను, నాకు ముగ్గురు ఫ్రెండ్స్ ఉన్నారు. ఒక అమ్మాయి మొదటి వాక్యమే ఇలా రాసింది: "నేను మూడో బెంచీ దాన్ని." తన పేరు కాదు, తండ్రి పేరు కాదు, ఊరు కాదు. ఏడో వాక్యం "నేను బంతిపూల దండ బాగా కడతాను" అని ఉంది, అది కొట్టేసి ఉంది. ఎందుకు కొట్టేశావే అని అడిగితే "అది చదువు కాదు కదా టీచర్" అంది. ఆ కాగితం నా దగ్గర చాలా ఏళ్లు ఉంది. మర్నాడే బెంచీలు మార్చేశాను, కానీ అప్పటికి ఎనిమిది నెలలుగా ఆ పిల్ల ప్రతిరోజూ వచ్చి ఆ మూడో బెంచీలోనే కూర్చుంది. తను ఫలానా అని ఆ పిల్లకి చెప్పింది నేనే.

ఇదే పని తొమ్మిది, పది తరగతుల్లో చేయిస్తే కాగితాల రంగే మారిపోతుంది. ఈత, దండ, కుక్క ఉండవు. నేను బిడియస్తుణ్ణి, నేను బయటికి నవ్వుతాను కానీ లోపల అలా ఉండను, నన్నెవరూ అర్థం చేసుకోరు, ఇలాంటివి వస్తాయి. పదకొండు పన్నెండేళ్లు దాటాక కనిపించని వాటి గురించి ఆలోచించే శక్తి వస్తుందని, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చూసిన పియాజే అనే శాస్త్రవేత్త చెప్పింది ఇక్కడ కళ్లకు కడుతుంది. అదే శక్తితో పిల్లాడు లెక్కల్లో ఎక్స్, వై చేస్తాడు, అదే శక్తితో "వాళ్లు నా గురించి ఏమనుకుంటున్నారో" అని కూడా ఆలోచిస్తాడు. అయితే తను తన గురించే ఆలోచిస్తున్నాడు కాబట్టి లోకమంతా కూడా తన గురించే ఆలోచిస్తోందనుకుంటాడు. డేవిడ్ ఎల్కైండ్ 1967లో దీనికి ఊహల్లోని ప్రేక్షకులు అని పేరు పెట్టాడు. మీ బాబు అద్దం ముందు ఉన్నప్పుడు ఒంటరిగా లేడు చెల్లెమ్మా, క్లాసు క్లాసంతా వాడి వెనకాల నిలబడి చూస్తోంది, వాడి లెక్కలో. మొటిమ ఒకటి వస్తే మీకు మొటిమే, వాడికి నలభైమంది చూసే మొటిమ. గొంతు మారుతోంది, మీసం రాలేదు, పక్కవాడికి వచ్చేసింది. అందుకే "ఎంతసేపురా అద్దంలో, ఆడపిల్లలా" అని మాత్రం ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. అది రెండు వైపులా పదునున్న మాట, పక్కనే ఉన్న పాపకి కూడా తగులుతుంది.

గేటు దగ్గర మీ పిలుపు విననట్టు పోవడం కూడా ఇందులో భాగమే. మిమ్మల్ని చూసి సిగ్గుపడుతున్నాడనుకుని మీకు కన్నీళ్లొచ్చాయని రాశారు. వాడు సిగ్గుపడేది మిమ్మల్ని చూసి కాదు. ఇంట్లో ఒక మనిషి, క్లాసులో ఇంకో మనిషి, మావయ్య గారింట్లో మూడో మనిషిగా ఉంటున్నాడు. గేటు దగ్గర ఆ ముగ్గురూ ఒక్కసారే ఎదురుపడ్డారు, ఎవరిగా మాట్లాడాలో తెలియక వెళ్లిపోయాడు. 1992లో సూసన్ హార్టర్, ఆన్ మాన్సూర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే చూశారు. ఏడు, తొమ్మిది, పదకొండు తరగతుల పిల్లల్ని అమ్మానాన్నలతో, స్నేహితులతో, క్లాసులో ఎలా ఉంటారని అడిగితే, ఏడో తరగతి వాళ్లకి ఆ తేడాలు పెద్దగా పట్టలేదు. తొమ్మిదో తరగతి వాళ్లకి అవి బాగా బాధ పెట్టాయి, ఇందులో అసలు నేను ఏది అని. పదకొండుకి వచ్చేసరికి ఆ బాధ తగ్గింది, ఒక్కో చోట ఒక్కోలా ఉండటం మామూలేనని సర్దుకోవడం నేర్చుకున్నారు. మీ వాడు ఆ కొండ ఎక్కడం ఇప్పుడే మొదలుపెట్టాడు. ఇంకో రెండేళ్లు ఎక్కుడే ఉంటుంది, మీకు అబద్ధం చెప్పను.

మన ఊళ్లలో పిల్లలకి ఇక్కడ ఒక బరువు ఎక్కువ. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంత దగ్గర. అంత దూరానికే పిల్లాడి పేరు కూడా తిరగబడిపోతుంది. మన వైపు ఇంటిపేరు ముందు, బడి రిజిస్టర్లో ఇంటిపేరు చివర. గుణుపురంలో చేసినప్పుడు తొమ్మిదో తరగతి అబ్బాయి రఫ్ నోటు చివరి పేజీ చూశాను, నిండా సంతకాలే. ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో, ఇంటిపేరు ముందు పెట్టి, చివర పెట్టి, ఒక్క అక్షరంగా కుదించి, అసలు తీసేసి. తిడతాననుకుని చేత్తో మూసేశాడు. ఇందులో నీకు ఏది నచ్చిందిరా అంటే "ఇంకా తెలీదు టీచర్" అన్నాడు. నా దృష్టిలో ఆ వయసుకి అంతకన్నా ఆరోగ్యమైన జవాబు లేదు.

మీరు నమ్ముతారో లేదో, ఎరిక్సన్ ఈ వయసు గురించి అంత లోతుగా రాయగలిగింది తనే అలాంటి పిల్లాడు కాబట్టి. 1902లో జర్మనీలో పుట్టాడు, తల్లి డెన్మార్క్ నుంచి వచ్చిన యూదు మహిళ, కన్నతండ్రి ఎవరో తెలియదు, పెంచిన తండ్రి యూదు డాక్టరు. ఈయనేమో పొడుగ్గా, బంగారు రంగు జుట్టు, నీలి కళ్లు. యూదుల గుడిలో పిల్లలు ఉత్తర యూరప్ వాడని ఏడిపించారు, బడిలో పిల్లలు యూదుడని ఏడిపించారు. అటు ఒడియా వాడు, ఇటు తెలంగా, అచ్చంగా మీ బాబు కథే. పెద్దయ్యాక అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు తన ఇంటిపేరు తనే ఎరిక్సన్ అని పెట్టుకున్నాడు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకి గుర్తింపుకీ పాత్ర సందిగ్ధానికీ, అంటే నేనెవరో తేలడానికీ తేలకపోవడానికీ మధ్య పోటీ అని ఆయన రాసినప్పుడు అది పుస్తకం చూసి రాసిన మాట కాదు.

ఇప్పుడు హాస్టల్ సంగతి. ఎరిక్సన్ చెప్పినదాన్ని 1966లో జేమ్స్ మార్షియా ఇంకా విడదీసి చూపించాడు. కొందరు పిల్లలు వెతకరు, పట్టించుకోరు. కొందరు వెతుకుతూ ఉంటారు, ఇంకా తేలదు. కొందరు వెతికి తేల్చుకుంటారు. ఇంకో రకం ఉన్నారు, వెతక్కుండానే తేల్చేసుకుంటారు, అంటే ఇంట్లోవాళ్లు కుట్టించిన చొక్కా సైజు చూసుకోకుండా తొడిగేసుకుంటారు. బయటికి ఈ నాలుగో రకం చాలా బుద్ధిమంతులుగా కనిపిస్తారు, తల్లిదండ్రులకి వాళ్లే ఇష్టం కూడా. ఇరవై ఏళ్లు దాటాక ఆ చొక్కా బిగుతైనప్పుడు నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎక్కువగా వీళ్లే. మీ వాడు రెండో రకం, వెతుకుతున్నాడు. "మన పిల్లాడిలా తయారవ్వాలి" అని ఇప్పుడు విశాఖ పంపిస్తే వాడికి వినపడేది ఒకటే: ఇప్పుడున్నట్టు ఉంటే నేను వీళ్ల పిల్లాణ్ణి కాను. పైగా అక్కడ వాడి తెలుగులో ఒడియా యాస పట్టుకుని మళ్లీ ఇంకో పేరు పెడతారు, సాయంత్రం ఇంటికొచ్చి మొహం మాడ్చుకునే అవకాశం కూడా ఉండదు. పది అయ్యాక, వాడే అడిగితే, అది వేరే మాట. మీ వారికి ఇది నా మాటగా చెప్పండి, చదువు బాగుండాలన్న ఆయన తాపత్రయం తప్పు కాదు, సమయమే తప్పు.

మరి ఇప్పుడేం చెయ్యాలి అంటే, మొదటిది, "పనికిరాను" అన్నప్పుడు వెంటనే "అదేం మాటరా, నువ్వు బంగారం" అనకండి. వాడు దాన్ని నమ్మడు, అమ్మవి కాబట్టి అంటావులే అనుకుంటాడు. "దేనికి?" అని అడిగి ఊరుకోండి. చదువుకా, ఆటకా, ఫ్రెండ్స్ దగ్గరా, మొహం బాగోలేదనా. పిల్లలు తమ గురించి ఒక్కో విషయంలో ఒక్కో అంచనా పెట్టుకుంటారు, వాటిలో మొత్తం మనసుని ఎక్కువగా లాగేది రూపం గురించిన అంచనా అని హార్టర్ ఏళ్ల తరబడి చూసి చెప్పింది. "అన్నిటికీ" అనే ముద్ద విడిపోయి "ఫుట్‌బాల్ టీములో తీసుకోలేదు" అని బయటికొస్తే, అప్పుడు మాట్లాడటానికి ఒక విషయం దొరుకుతుంది. ఇది ఎదురుగా కూర్చుని అడిగితే రాదు. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడో, కళ్లు కళ్లు కలవనప్పుడే ఈ వయసు పిల్లలు మాట్లాడతారు.

రెండోది, ఇంట్లో ఒడియా మాటని తక్కువ చేయకండి. మీరు రాసిన దాంట్లోనే "బడిలో ఒడియా గొడవ" అని ఒకచోట ఉంది, బహుశా మీకు తెలియకుండానే రాసుంటారు. వాడి స్నేహితులంతా ఆ భాషలోనే ఉన్నారు. మన పర్లాకిమిడిలోనే 1880 నుంచి టీచరుగా చేసిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు తయారుచేశారు, పిల్లాడి మాటను పక్కన పెట్టి పిల్లాడికి చదువు చెప్పలేమని ఆయనకి తెలుసు. తెలుగుకీ అదే వర్తిస్తుంది, ఒడియాకీ అదే. వాడి ఫ్రెండ్స్‌ని ఓ ఆదివారం ఇంటికి పిలవండి. వాళ్లింట్లో పఖాళ అని ఇష్టంగా తింటాడు, మీరు చద్దన్నం పెడితే మొహం తిప్పుకుంటాడు అని రాశారు కదా, ఆ రోజు అదే పెట్టండి, ఉల్లిపాయ, వేయించిన మిరపకాయతో, ఎవరు ఏ పేరుతో తిన్నా తిననివ్వండి. గేటు దగ్గర మాత్రం కొన్నాళ్లు పిలవకండి, కాస్త అవతల నిలబడండి. ఇది ఓడిపోవడం కాదు.

"తెలంగా" అనే మాట సంగతి వేరుగా చూడాలి. సరదాగా ఒకరినొకరు అనుకునేదా, లేక రోజూ ఒక్కణ్ణే పట్టుకుని అనేదా అన్నది కనుక్కోండి. రెండోదైతే క్లాస్ టీచర్ని కలవండి, పిల్లాడి ముందు కాదు, వాడికి ముందే చెప్పి. చెప్పకుండా వెళితే మీ మీద నమ్మకం పోతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. రెండు వారాలకు మించి నిద్ర, తిండి బాగా మారిపోయినా, ఇష్టమైన ఆట కూడా మానేసినా, ఒంటి మీద కోతలు కనిపించినా, చచ్చిపోతాను, నేను లేకపోతే మీకు హాయి లాంటి మాట ఒక్కసారి వచ్చినా, వయసు ప్రభావం అని సరిపెట్టుకోకుండా అదే రోజు డాక్టర్ని కలవండి. 14416 టెలిమానస్, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వ ఫోన్ సాయం, డబ్బులక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. "చనిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడగండి. మీరు రాసిన దాన్నిబట్టి ఇప్పటికి అలా అనిపించడం లేదు, ఆటకి వెళుతున్నాడు, తింటున్నాడు. అయినా మొన్నటి మాట తర్వాత ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంచడం మంచిది.

ఇక పాతపట్నం. దసరాకి వెళ్లేముందే మీ అన్నయ్యకి ఫోన్ చేయండి, పిల్లలకి కాదు, ఆయనకి. "ఒడియా వాడు" అనేది మా వాడికి గుచ్చుకుంటోంది అన్నయ్యా, మీ పిల్లలకి నువ్వే చెప్పు, వాడొచ్చినప్పుడు పేరు పెట్టి పిలవమను అని. తమ నాన్న నోటి నుంచి వచ్చిన మాట ఆ పిల్లలు వింటారు. వాడికి మీరు ఫోన్ చేసినట్టు చెప్పక్కర్లేదు. అప్పటికీ రానంటే ఈ ఒక్క పండక్కి నాన్నతో పర్లాకిమిడిలోనే ఉండనివ్వండి, మీరూ పాపా వెళ్లి రండి.